స్తంభానికి ఆనించిన పాట: లీనా హోర్న్ సినీజీవితంలోని చిక్కుముడి

అమెరికన్ నల్లజాతి గాయని, నటి లీనా హోర్న్ పేరు ఎత్తగానే రెండు మాటలు వినిపిస్తాయి. 1942లో, అప్పటి హాలీవుడ్‌లో అన్నిటికంటె సంపన్నమైన ఎంజీఎం స్టూడియోతో ఏడేళ్ల ఒప్పందం చేసుకుని, పనిమనిషి వేషాలు వేయనని ముందుగానే తేల్చిచెప్పి, నల్లజాతి నటీమణులకు కొత్త దారి తెరిచారన్నది మొదటి మాట. అంతటి రూపం, అంతటి గొంతు ఉండి కూడా సినిమాల్లో ఆమెకు చెప్పుకోదగ్గ పాత్రలు దక్కలేదన్నది రెండవది. రెండూ నిజమే. కానీ మొదటిదాన్ని విజయంగానూ రెండవదాన్ని దురదృష్టంగానూ వేరువేరుగా చెప్పుకోవడం అలవాటైపోయి, వాటి మధ్య ఉన్న ముడి మన కంటికి ఆనడం లేదు. ఏ షరతు ఆమె గౌరవాన్ని కాపాడిందో ఆ షరతే, ఆనాటి సినిమా వ్యాపారం చేతిలో పడి, ఆమెను కథ వెలుపల నిలబెట్టింది. అది ఎలా జరిగిందో తెలియాలంటే ఆమె ప్రతిభను ఎంత పొగిడినా చాలదు. స్టూడియోలు, థియేటర్ల యజమానులు, సెన్సారు బోర్డులు, హక్కుల సంస్థలు, చివరికి తోటి నల్లజాతి నటులు కూడా ఎవరి అవసరం కొద్దీ వారు ఆమెను ఎటు లాగారో విడదీసి చూడాలి.

లీనా 1917 జూన్ 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, చదువూ పరువూ ఉన్న మధ్యతరగతి నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తండ్రి టెడ్డీ హోర్న్ జూదం మీద బతికిన మనిషి. తల్లి ఎడ్నా నాటక బృందాలతో ఊళ్లు తిరిగిన నటి. పసితనంలో లీనాను పెంచిన నాయనమ్మ కోరా కాల్హౌన్ హోర్న్ స్త్రీల ఓటుహక్కు కోసం, తన జాతి హక్కుల కోసం పనిచేసిన కార్యకర్త. నల్లజాతి ప్రజల హక్కుల కోసం 1909లో ఏర్పడిన జాతీయ సంఘం ఎన్ఏఏసీపీలో ఆమె తన మనవరాలిని పసిబిడ్డగా ఉన్నప్పుడే సభ్యురాలిగా చేర్పించారు. 1919లో ఆ సంఘం పత్రిక, అతి పిన్న వయసు సభ్యురాలంటూ లీనా ఫొటో వేసింది. ఇరవై మూడేళ్ల తరువాత అదే సంఘం హాలీవుడ్‌లో తన వాదానికి నిదర్శనంగా ఆమెనే నిలబెట్టింది కాబట్టి, ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవడం మంచిది.

1933లో, పదహారేళ్ల వయసులో, తల్లి ఆమెను హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ బృందనర్తకులలో చేర్పించింది. అక్కడ వేదిక మీద ఆడిపాడేవారందరూ నల్లవారు. డబ్బిచ్చి చూడవచ్చేవారు తెల్లవారు. ఆ ఏడాదే ఆ వేదిక మీద ఎథెల్ వాటర్స్ ‘స్టార్మీ వెదర్’ పాటను మొదటిసారి పాడారు. టెడ్ కోహ్లర్ రాయగా హెరాల్డ్ ఆర్లెన్ స్వరపరచిన ఆ పాట పదేళ్ల తరువాత లీనా పాటగా లోకానికి తెలిసింది, దాని కథ చివర్లో మళ్లీ వస్తుంది. ఆ తరువాత ఆమె నోబుల్ సిసిల్ వాద్యబృందంతో పాడారు. పెళ్లి చేసుకుని ఇద్దరు బిడ్డల తల్లయ్యారు. 1938లో నల్లజాతి ప్రేక్షకుల థియేటర్ల కోసం తక్కువ ఖర్చుతో తీసిన ‘ది డ్యూక్ ఈజ్ టాప్స్’లో నటించారు. తెల్లవారైన చార్లీ బార్నెట్ బృందంతో ఊరూరా తిరిగినప్పుడు, తోటి వాద్యకారులకు గది ఇచ్చిన హోటళ్లు ఆమెకు ఇచ్చేవి కావు.

1941లో న్యూయార్క్‌లోని కెఫే సొసైటీలో పాడటం ఆమె జీవితంలో ఒక మలుపు. నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చోగలిగిన అరుదైన చోటు అది. అక్కడే గాయకుడూ నటుడూ హక్కుల కార్యకర్తా అయిన పాల్ రోబ్సన్ స్నేహం, ఎన్ఏఏసీపీ కార్యదర్శి వాల్టర్ వైట్ పరిచయం బలపడ్డాయి. ఆ తరువాత ఒక నైట్‌క్లబ్‌లో పాడేందుకు లాస్ ఏంజెలెస్ వెళ్లినప్పుడు ఎంజీఎంలో సంగీత చిత్రాల విభాగానికి చెందిన రోజర్ ఈడెన్స్ ఆమె పాట విన్నారు. నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ దగ్గరికి, ఆయన ద్వారా స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ దగ్గరికి తీసుకువెళ్లారు.

అప్పుడు హాలీవుడ్ గాలి ఎటు వీస్తోందో చూడాలి. అమెరికా అప్పుడే యుద్ధంలో దిగింది. జాతి అహంకారం మీద యుద్ధం చేస్తున్నామని చెప్పుకునే దేశంలో, సొంత సైన్యం నల్లవారినీ తెల్లవారినీ వేరువేరు దళాలుగా ఉంచింది. ఈ వైరుధ్యాన్ని వాల్టర్ వైట్ బాగా వాడుకున్నారు. 1940లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయిన వెండెల్ విల్కీని వెంటబెట్టుకుని స్టూడియో అధిపతుల దగ్గరికి వెళ్లి, తెర మీద నల్లవారంటే నవ్వించే బంట్రోతులూ, వంటింటి ఆయాలూ, భయంతో కళ్లు తేలేసే సేవకులూ మాత్రమేనా అని అడిగారు. మామూలు మనుషులుగా చూపించమన్నది ఆయన కోరిక. ఆ కోరికను నెరవేర్చే ముఖం ఆయనకు కావలసి వచ్చిన సమయంలో లీనా అక్కడ ఉన్నారు.

మేయర్‌తో మాట్లాడేందుకు తండ్రి టెడ్డీ హోర్న్ స్వయంగా వచ్చారు. తన కూతురికి పనిమనిషిని తానే పెట్టగలనని, ఆమె పనిమనిషి వేషం వేయవలసిన అవసరం ఏముందని ఆయన అన్నట్టు లీనా తరువాత చెప్పేవారు. నల్లజాతి తండ్రి ఒకడు హాలీవుడ్ అధిపతి ఎదుట కూర్చుని షరతులు చెప్పడం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటె ఇష్టమైన ఘట్టం.

ఇక్కడ ఒక సవరణ అవసరం. పెద్ద స్టూడియోతో దీర్ఘకాలిక ఒప్పందం చేసుకున్న మొదటి నల్లజాతి నటి లీనాయేనని చాలాచోట్ల రాస్తారు. అది సరికాదు. 1929లో ఎంజీఎం తీసిన ‘హల్లెలూయా’లో నటించిన నైనా మే మెకిన్నీతో అదే స్టూడియో అయిదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. కానీ ఆ అయిదేళ్లలో ఆమెకు తగిన పాత్రలు ఇవ్వలేక, ఇవ్వడానికి ఇష్టపడక, ఆమె ప్రతిభను పక్కన పడేసింది. మెకిన్నీ యూరప్ వెళ్లి పాడుకోవలసి వచ్చింది. అంటే లీనా అడుగుపెట్టిన దారిలో అప్పటికే ఒక మనిషి దారి లేక ఆగిపోయి ఉంది. లీనా విషయంలో కొత్తది ఒప్పందం కాదు, ఆ ఒప్పందం వెనుక ఒక ఉద్యమ సంస్థ నిలబడి ఉండటం.

ఆ నిలబడటమే తోటి నల్లజాతి నటులకు కంటగింపైంది. బయటినుంచి చూసేవారికి ఇది వింతగా అనిపించవచ్చు. కానీ వారి వైపు నుంచి చూస్తే అందులో న్యాయం ఉంది. బంట్రోతు, వంటమనిషి, ఆయా వేషాలే వారి బతుకుతెరువు. ఆ వేషాలు వద్దని న్యూయార్క్ నుంచి వచ్చిన పెద్దమనుషులు స్టూడియోలకు చెబితే, వాటి బదులు వేరే వేషాలు వస్తాయన్న హామీ ఎక్కడా లేదు. ఉన్నవి పోతాయన్నది మాత్రం ఖాయం. వారు సమావేశం పెట్టి, లీనా ఎన్ఏఏసీపీ చేతిలో పావు అని ఆమె ఎదుటే నిలదీశారు. ఆ రోజుల్లో ఆమెకు ధైర్యం చెప్పిన మనిషి, విచిత్రంగా, ఆ వేషాలన్నిటికీ మారుపేరుగా నిలిచిన హాటీ మెక్‌డేనియల్. ‘గాన్ విత్ ద విండ్’లో ఆయా పాత్రకు 1940లో సహాయనటి ఆస్కార్ అందుకుని, ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి అయినా, వేడుక జరిగిన హోటల్లో తోటి నటులతో కలిసి కాక విడిగా ఒక మూల బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చిన మనిషి ఆమె. లీనాను ఇంటికి పిలిచి, తాను ఈ వేషాలు ఎందుకు వేస్తున్నదీ, తన మీద ఎందరు ఆధారపడి ఉన్నదీ వివరించి, నీకు తోచిన దారిలో నువ్వు వెళ్లు అని దీవించారు. వాల్టర్ వైట్‌కు మెక్‌డేనియల్ మీద గౌరవం లేకపోవడం చరిత్రలో నమోదైన విషయమే. ఆయన వాదం సరైనదే అయినా, ఆ వాదం ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో ఆయన పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది.

సరే, ఒప్పందం కుదిరింది. స్టూడియో ఏం చేసింది? 1942లో ‘పనామా హాటీ’లో ఆమెకు పాత్ర లేదు, పాటలున్నాయి. ఆమె ఎవరో ప్రేక్షకులకు తెలియదు కాబట్టి కొందరు లాటిన్ అమెరికా గాయని అనుకున్నారు. అలాగే అనుకోనివ్వమని, అవసరమైతే పేరు మార్చుకోమని సలహాలు వచ్చాయి, ఆమె ఒప్పుకోలేదు. 1943లో రెండు చిత్రాలు వచ్చాయి, రెండూ నల్లజాతి నటులతోనే తీసినవి. ఎంజీఎం తరఫున విన్సెంట్ మినెల్లీ దర్శకత్వం వహించిన తొలి చిత్రం ‘కేబిన్ ఇన్ ద స్కై’లో ఆమె ఒక సంసారిని దారి తప్పించే జార్జియా బ్రౌన్. ఫాక్స్ సంస్థ ఆమెను అరువు తెచ్చుకుని తీసిన ‘స్టార్మీ వెదర్’లో ఆమె కథానాయిక, బిల్ రాబిన్సన్, క్యాబ్ క్యాలోవే, ఫ్యాట్స్ వాలర్, నికోలస్ సోదరులు, కాథరీన్ డనమ్ నృత్యబృందం, అందరూ ఒకే చిత్రంలో. ఈ రెంటిలోనూ ఆమె మాటలు చెప్పారు, ఎదుటి మనిషిని ప్రేమించారు, కోపగించారు, అంటే నటించారు. ఎంజీఎంలో మళ్లీ ఆ అవకాశం రాలేదు.

ఎందుకు రాలేదన్నదే ఈ వ్యాసానికి అసలు ప్రశ్న. నల్లజాతి నటులతో మాత్రమే తీసే చిత్రాలను పెద్ద స్టూడియోలు ఎప్పుడో ఒకసారి, ప్రయోగంగా, పండుగలా తీసేవి: 1929లో రెండు, 1936లో ‘ది గ్రీన్ పాశ్చర్స్’, 1943లో ఈ రెండు, మళ్లీ 1954 దాకా చెప్పుకోదగినది లేదు. ఆ మధ్యలో నల్లజాతి నటి మామూలు చిత్రంలో, తెల్లజాతి నటుల మధ్య, పనిమనిషి కాని పాత్రలో కనిపించాలంటే ఆ కథలో ఆమెకు ఒక ఉద్యోగమో, ఇల్లో, ఒక స్నేహమో, ప్రేమో ఉండాలి. అవేవీ రాయడానికి స్టూడియోలో ఎవరూ సిద్ధంగా లేరు. పనిమనిషి వేషం వద్దన్న షరతుకు స్టూడియో కట్టుబడింది. పనిమనిషి కాని వేషం ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఎక్కడా లేదు. మిగిలింది పాట.

ఆ పాటను ఎలా తీశారో గమనిస్తే మొత్తం వ్యవహారం అర్థమవుతుంది. ‘థౌజండ్స్ చీర్’, ‘టూ గర్ల్స్ అండ్ ఎ సెయిలర్’, ‘జీగ్‌ఫెల్డ్ ఫాలీస్’, ‘వర్డ్స్ అండ్ మ్యూజిక్’, ఏ చిత్రం తీసుకున్నా దాదాపు ఒకటే పద్ధతి. ఒక నైట్‌క్లబ్బో, రంగస్థలమో. తెర తొలగుతుంది. ఖరీదైన గౌను, చక్కటి వెలుగు, చాలాసార్లు ఒక స్తంభం. ఆమె దానికి ఆనుకుని పాడతారు, చప్పట్లు మోగుతాయి, కథ తన దారిన తాను సాగిపోతుంది. ఆమె ఎవరితోనూ మాట్లాడరు, ఆమెతో ఎవరూ మాట్లాడరు. కథలో ఎవరి బతుకూ ఆమె రాకతో మారదు. దక్షిణాది రాష్ట్రాల ప్రదర్శకులు అభ్యంతరం చెబితే ఆ పాట ఉన్న ముక్కను ఫిల్ములోంచి కత్తిరించి, రెండు కొసలూ అతికిస్తే సరిపోయేలా ఆ అమరిక ఉండేది. కథకు ఏ లోటూ రాదు. చూసేవారికి అక్కడ ఒక మనిషి ఉండిందన్న అనుమానం కూడా రాదు.

కత్తిరింపు ఊహాగానం కాదు. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో లాయిడ్ బిన్‌ఫర్డ్ అనే ఆయన దాదాపు మూడు దశాబ్దాల పాటు సెన్సారు బోర్డును ఏలారు. నల్లవారు తెల్లవారితో సమానంగా మెలిగినట్టు కనిపించే దృశ్యాలను ఆయన ఒప్పుకునేవారు కాదు. ఒక నల్లజాతి హాస్యనటుడికి మరీ ఎక్కువ చనువు ఇచ్చారన్న కారణంతో 1945లో ‘బ్రూస్టర్స్ మిలియన్స్’ చిత్రాన్ని ఏకంగా నిషేధించారు. ఇలాంటి బోర్డులు అన్ని ఊళ్లలోనూ లేవు. అయినా స్టూడియోలు వాటికంటె ముందే భయపడటం అలవాటు చేసుకున్నాయి. అప్పట్లో పెద్ద స్టూడియోలకు సొంత థియేటర్ల గొలుసులుండేవి. ఒక ప్రాంతంలో టిక్కెట్లు తగ్గుతాయన్న అంచనా న్యూయార్క్‌లోని లెక్కల గదిలో పుట్టి, కాలిఫోర్నియాలో స్క్రిప్టు రాసేవాడి బల్ల దగ్గరికి చేరడానికి ఎంతో సేపు పట్టేది కాదు. కాబట్టి కత్తెర మెంఫిస్‌లో ఉన్నా, దానికి వీలుగా గీత గీసింది హాలీవుడ్‌లోనే. ఈ రెండవ నేరం మొదటిదానికంటె పెద్దదని నా అభిప్రాయం.

పరిశ్రమ తనకు తానే విధించుకున్న నిర్మాణ నియమావళి ఇంకో గోడ. 1930లో రాసి 1934 నుంచి కచ్చితంగా అమలు చేసిన ఆ నియమావళి, నల్లజాతికీ తెల్లజాతికీ మధ్య లైంగిక సంబంధాన్ని చూపడాన్ని నిషేధించింది. 1956లో సవరించే వరకు ఆ నియమం తొలగలేదు. ఆనాటి సినిమాలో కథానాయిక అంటే ప్రేమకథ. ప్రేమకథ అంటే తెల్లజాతి కథానాయకుడు. ఆ ఒక్క వాక్యంతో లీనాకు దారి మూసుకుపోయింది.

ఈ నియమం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ‘షో బోట్’ను మించిన ఉదాహరణ లేదు. ఎడ్నా ఫెర్బర్ నవల ఆధారంగా జెరోమ్ కెర్న్, ఆస్కార్ హామర్‌స్టీన్ రూపొందించిన ఆ సంగీత నాటకంలో జూలీ అనే గాయని ఉంది. ఆమె రంగు తెల్లగా ఉంటుంది, పెళ్లాడినది తెల్లవాడిని. ఆమెలో నల్లజాతి రక్తం ఉందని బయటపడటంతో ఓడ విడిచి వెళ్లిపోవలసి వస్తుంది. 1946లో కెర్న్ జీవితం మీద ఎంజీఎం తీసిన ‘టిల్ ద క్లౌడ్స్ రోల్ బై’లో ఆ నాటకాన్ని కొద్ది నిమిషాల పాటు చూపించారు, జూలీగా లీనా పాడారు. చూసినవారెవరికైనా ఆ పాత్ర ఆమె కోసమే పుట్టిందనిపిస్తుంది. అయిదేళ్ల తరువాత, 1951లో, అదే స్టూడియో ‘షో బోట్’ను పూర్తి చిత్రంగా తీసినప్పుడు జూలీ పాత్ర ఏవా గార్డ్‌నర్‌కు వెళ్లింది. గార్డ్‌నర్ లీనాకు స్నేహితురాలు. ఆమెను తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ తెర మీద గార్డ్‌నర్ పెదవులకు వినిపించిన గొంతు అనెట్ వారెన్ అనే గాయనిది. నేపథ్య గానం మన సినిమాలో నిత్యవ్యవహారం కాబట్టి మనకు ఇందులో విడ్డూరం కనిపించకపోవచ్చు. పాడగలిగిన, నటించగలిగిన, ఆ పాత్ర బాధను పుట్టుకతోనే ఎరిగిన మనిషి అదే స్టూడియోలో ఏళ్ల తరబడి జీతం మీద పనిచేసి ఉండగా, నటనకు ఒకరిని, గొంతుకు ఇంకొకరిని తెచ్చి కలిపి ఆ పాత్రను తయారుచేయడంలోని అన్యాయం మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది.

తర్కం ఇలా నడిచింది: కథలో నల్లజాతి స్త్రీ తెల్లవాడిని ప్రేమించవచ్చు, నిజజీవితంలో ఆ నటి తెల్లజాతిదైతే. 1949లో ఫాక్స్ తీసిన ‘పింకీ’ కూడా ఇదే కోవది. తెల్లగా ఉండి తెల్లజాతి మనిషిగా చెలామణీ అయిన నల్లజాతి నర్సు కథ అది; ఆ పాత్ర లీనా ఆశించారు, దక్కింది జీన్ క్రెయిన్‌కు. అంటే నియమావళి కాపాడదలచినది కథ నీతిని కాదు, చిత్రీకరణ సమయంలో ఇద్దరు నటుల చర్మాల మధ్య దూరాన్ని.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. లీనా రంగు కెమెరా ముందు మరీ లేతగా కనిపిస్తోందని, ఆమె నల్లజాతి స్త్రీ అని ప్రేక్షకులకు తెలియడం లేదని స్టూడియో ముదురు ఛాయలో ఒక మేకప్ తయారు చేయించింది. మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ చేసిన ఆ రంగు పేరు ‘లైట్ ఈజిప్షియన్’. దాన్ని ఆ తరువాత నల్లజాతి, మిశ్రమజాతి పాత్రలు వేసే తెల్లజాతి నటీమణులకు పూశారని లీనా జీవితాంతం చెప్పుకునేవారు. ఆమె ముఖం కోసం కలిపిన రంగు ఆమెకు రావలసిన పాత్రల్లోకి వెళ్లింది, ఆమె బయట ఉండిపోయారు.

స్టూడియో చెప్పినదానికల్లా ఆమె తల ఊపి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదా? 1946లో ‘సెయింట్ లూయిస్ వుమన్’ అనే బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగ కేంద్రం) సంగీత నాటకంలో ప్రధాన పాత్ర వేయమని ఆర్థర్ ఫ్రీడ్ అడిగితే, అందులో నల్లజాతి జీవితాన్ని చూపిన తీరు అవమానకరంగా ఉందని ఆమె నిరాకరించారు. స్టూడియో ఆగ్రహించింది. గౌరవం కోసం వద్దన్నప్పుడల్లా శిక్ష, ఊరుకున్నప్పుడల్లా స్తంభం. తనను సీతాకోకచిలుకలా స్తంభానికి గుచ్చి ఉంచారని ఆ ఏళ్ల గురించి ఆమె తరువాత అన్నారు.

యుద్ధకాలంలో నల్లజాతి సైనికులు తమ బారకాసుల గోడలకు అంటించుకున్న బొమ్మ లీనాది. తెల్లజాతి తారల బొమ్మలు అంటించుకుంటే వారికి ప్రమాదమని ఆమెకు తెలుసు, ఆ కీర్తిలోని చేదు కూడా తెలుసు. అర్కాన్సాలోని ఒక శిబిరంలో పాడబోయినప్పుడు ముందు వరుసల్లో జర్మన్ యుద్ధఖైదీలు, వారి వెనుక నల్లజాతి అమెరికన్ సైనికులు కూర్చుని ఉండటం చూసి, ఆమె వేదిక దిగి, ఖైదీలను దాటుకుని వెళ్లి, వారికి వీపు చూపి తన వారి వైపు తిరిగి పాడారు.

ఆ తరువాతి సంవత్సరాల్లో దెబ్బ మీద దెబ్బ. ఆమె రెండవసారి పెళ్లాడిన సంగీత దర్శకుడు లెన్నీ హేటన్ తెల్లవారు. కాలిఫోర్నియా చట్టం అప్పటికి అలాంటి వివాహాన్ని గుర్తించదు కాబట్టి 1947 డిసెంబరులో పారిస్‌లో పెళ్లి చేసుకుని, 1950 వరకు ఆ సంగతి దాచారు. 1950 జూన్‌లో కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ 151 మంది పేర్లతో వెలువడిన ‘రెడ్ ఛానెల్స్’ జాబితాలో ఆమె పేరు ఉంది. రోబ్సన్ స్నేహం, హక్కుల సభలకు వెళ్లడం అందుకు కారణాలు. రేడియో, టెలివిజన్ తలుపులు కొన్నేళ్లు మూసుకుపోయాయి. 1953లో ఆమె సినీ కార్మిక సంఘ నాయకుడు రాయ్ బ్రూవర్‌కు తన గతాన్ని వివరిస్తూ ఉత్తరం రాసి ఆ నింద నుంచి బయటపడే ప్రయత్నం చేశారు. పిల్లల్ని పోషించుకోవలసిన గాయని అలాంటి ఉత్తరం రాయవలసి రావడం ఆ కాలానికి మచ్చ. దాన్ని ఆమె ఖాతాలో రాయడం నాకు ఇష్టం లేదు.

1954లో ‘కార్మెన్ జోన్స్’ ద్వారా డొరొతీ డాండ్రిడ్జ్ ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేషన్ పొందిన మొదటి నల్లజాతి నటి అయ్యారు. లీనా చేయలేనిది డాండ్రిడ్జ్ చేశారని చెప్పేవారున్నారు. కానీ అది కూడా పూర్తిగా నల్లజాతి నటులతో తీసిన చిత్రమే. గాయని అయిన డాండ్రిడ్జ్‌కు అందులో పాడింది మరిలిన్ హోర్న్ అనే తెల్లజాతి ఒపేరా గాయని. నామినేషన్ తరువాత డాండ్రిడ్జ్‌కు తగిన పాత్రలు వరదలా ఏమీ రాలేదు, 1965లో నలభై రెండేళ్లకే ఆమె మరణించారు. తలుపు ఒకటి తెరుచుకుని, లోపల గది లేకపోతే ఏమవుతుందో ఆమె జీవితం చెబుతుంది. లీనా ఆ తలుపు దగ్గర కూర్చోలేదు, అప్పటికే నైట్‌క్లబ్బులకు, రికార్డులకు, నాటకరంగానికి తరలిపోయారు.

అక్కడ ఆమెను కత్తిరించే వీలు ఎవరికీ లేదు. 1957లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో పాడినప్పటి రికార్డు ఆర్‌సీఏ సంస్థ చరిత్రలో అప్పటికి ఒక గాయని పేరిట అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయిందని చెబుతారు. అదే ఏడాది బ్రాడ్‌వేలో మొదలైన ‘జమైకా’ 550కి పైగా ప్రదర్శనలు ఆడింది. సంగీత నాటకంలో ప్రధాన నటిగా బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ బహుమతికి నామినేట్ అయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. ఆ రోజుల్లో ఆమె పాటను విన్నవారు ఒక సంగతి గమనించారు: గొంతులో కోరిక ఉంటుంది, కళ్లు మాత్రం ప్రేక్షకులను దగ్గరికి రానివ్వవు. అది అహంకారం కాదని, తన పాటను వినవచ్చిన వారిలో ఎందరు తనను పక్క బల్ల దగ్గర కూర్చోనిస్తారో తెలిసిన మనిషి కట్టుకున్న కవచమని ఆమె స్వయంగా చెప్పారు. సినిమాలు ఆమెను ఒంటరిగా నిలబెడితే, ఆ ఒంటరితనాన్నే ఆమె తన శైలిగా మలచుకున్నారు.

1960ల ఉద్యమంలో ఆ కవచం కొంత కరిగింది. 1963 మే 24న న్యూయార్క్‌లో అమెరికా అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీని కలిసి నల్లజాతి యువకుల కోపాన్ని ఆయన ముఖం మీదనే చెప్పిన బృందంలో రచయితలు జేమ్స్ బాల్డ్విన్, లోరెయిన్ హాన్స్‌బెరీలతో పాటు ఆమె ఉన్నారు. జూన్ మొదటి వారంలో మిసిసిపీలోని జాక్సన్ వెళ్లి అక్కడి ఎన్ఏఏసీపీ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌తో పాటు సభలో పాల్గొన్నారు; కొద్ది రోజులకే, జూన్ 12న, ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు.

ఆమెకు నిజంగా నటించే పాత్ర మళ్లీ 1969లో వచ్చింది. ‘డెత్ ఆఫ్ ఎ గన్‌ఫైటర్’ అనే వెస్టర్న్ (కౌబాయ్) చిత్రంలో ఆమె రిచర్డ్ విడ్‌మార్క్ పోషించిన పట్టణ రక్షణాధికారికి (మార్షల్) ప్రేయసి, చివరికి భార్య. ఆమె రంగు గురించి చిత్రంలో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. 1942లో వాల్టర్ వైట్ అడిగింది దాదాపు ఇదే. అది రావడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్లు, వైట్ మరణించి పద్నాలుగేళ్లు. మరుసటి ఏడాది తండ్రి, కొడుకు టెడ్డీ, ఆ పై ఏడాది భర్త లెన్నీ పోయారు. 1978లో అప్పటి అల్లుడు సిడ్నీ లూమెట్ దర్శకత్వంలో వచ్చిన ‘ది విజ్’లో మంచి మంత్రగత్తె గ్లిండాగా ఆమె కనిపించి పాడారు.

1981 మే 12న, బ్రాడ్‌వేలోని నెడర్‌లాండర్ థియేటర్‌లో ‘లీనా హోర్న్: ది లేడీ అండ్ హర్ మ్యూజిక్’ మొదలైంది. అరవై నాలుగేళ్లు నిండబోతున్న స్త్రీ, తన సినిమా రోజులను తానే చెబుతూ, పాడుతూ, మేకప్ సంగతీ జూలీ పాత్ర సంగతీ ప్రేక్షకులకు వివరిస్తూ ఒంటరిగా వేదికను నింపారు. 333 ప్రదర్శనల తరువాత, 1982 జూన్ 30న, తన అరవై అయిదవ పుట్టినరోజున దాన్ని ముగించారు. ఆ ప్రదర్శనలో ‘స్టార్మీ వెదర్’ను ఆమె రెండుసార్లు పాడేవారు. మొదటిసారి 1943 నాటి చిత్రంలో పాడినట్టుగా, నిదానంగా, అందంగా, ఎక్కడా గీత దాటకుండా. మళ్లీ ప్రదర్శన చివరికి వచ్చేసరికి అదే పాట అందుకుని, అదుపు విడిచి, గొంతు చీలినా లెక్కచేయకుండా, అరిచి, ఆగి, మళ్లీ అందుకుని పాడేవారు. ఆ పాటకు తగినంత ఎదగడానికి తనకు ఇన్నేళ్లు పట్టిందని, రెండవసారి పాడే ముందు ప్రేక్షకులకు చెప్పేవారు.